కంట్లో ఇనుము

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతు దిగదు, పైకి రాదు. చదువు రాదు కదా, రాసే దారి లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దాను. ఆ సాకు కూడా పోయింది. అందుకే మీకు చెబుతున్నాను.

మాది దేవరుప్పుల పక్క పల్లె. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒక తెల్లవారుజామున మా ఆయన, నా తమ్ముడు జనగామ దగ్గర రైలు పట్టాల బోల్టులు ఊడదీయబోయారు. తమ్ముడు సుత్తెతో కొడుతుంటే ఇనుప ముక్కలు ఎగిరి మా ఆయన ఎడమ కంట్లో పడ్డాయి. దవాఖానకు పోతే పోలీసులకు దొరుకుతామని, తెలిసిన కాంపౌండర్ ఇంటికి పోయాం. అతను ఒక ముక్క తీశాడు. ఇంకొకటి లోపలే ఉంది, వరంగల్ తీసుకుపోమని నన్ను అరుగు మీదికి పిలిచి చెప్పాడు. పోలీసుల భయానికి నేను తీసుకుపోలేదు. అంతా వచ్చేసిందని మా ఆయనతో అన్నాను. ఊరికి మాత్రం తుమ్మముల్లు గుచ్చుకుందని చెప్పాం. చూపు పోలేదు. మరిచిపోయినట్టే బతికాను.

తర్వాత తమ్ముడికి ఆ రైల్వేలోనే కొలువు దొరికింది, మహబూబాబాద్‌లో. పట్టాల సంగతి బయటపడితే తన కొలువు పోతుందని, పిల్లలు ఆగమవుతారని, వచ్చినప్పుడల్లా నా చేత ఒట్టు వేయించుకునేవాడు.

ఎనభైల చివర్లో మా ఆయనకు ఆయాసం మొదలైంది. పట్నం డాక్టరు గుండె పెద్దదైందన్నాడు. కొట్టుకున్నప్పుడల్లా అది ఎంత నెత్తురు తోస్తుందో కొలవాలట. అందుకు కొత్తగా ఒక మిషన్ వచ్చిందట. కోత లేదు. మనిషిని లోపలికి పంపితే గుండె కదలిక బొమ్మల్లో కనబడుతుందట.

మా ఆయన పక్క గదిలో బట్టలు మార్చుకుంటున్నాడు. ఆయన గడియారం, ఉంగరం, మొలతాడుకు కట్టిన తాళంచెవి నా కొంగులో ఉన్నాయి. మిషన్ నడిపే నడివయసు మనిషి నా దగ్గరికి వచ్చాడు. కోస్తా మాట. ఉద్యమం రోజుల్లో మా ఇంటి మీదికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌దీ అదే మాట.

"అమ్మా, మీవారి ఒంట్లో ఎక్కడైనా ఇనుముందా? ఎప్పుడైనా కంట్లో ఇనుప ముక్క పడిందా?"

"లేదు సారు. ఎవుసం చేసుకునెటోళ్లం. ఇనుం పని మాకేడిది?"

"బాగా ఆలోచించి చెప్పండి. ఇది పెద్ద అయస్కాంతం. రవ్వంత ముక్కున్నా లాగేస్తుంది."

"ఎన్నిసార్లు జెప్పాలె సారు? లేదంటే లేదు."

"సరేనమ్మా, కోప్పడకండి" అని నవ్వి వెళ్లిపోయాడు.

భయమేనా అది? కాదు. మొగుడి కన్ను, తమ్ముడి కొలువు, రెండూ ఆ క్షణంలో తూకం వేశాను. ఇరవై ఏళ్లు కదలని ముక్క ఇవాళే ఎందుకు కదులుతుంది అనుకున్నాను. నాగలి కర్రు సాగగొడుతుంటే పడిందని ఒక చిన్న అబద్ధం చెప్పినా సరిపోయేది. ఇప్పుడు తోస్తోంది. ఆ రోజెందుకు తోచలేదు?

తలుపు మూశారు. కాసేపటికి లోపలి నుంచి ఆయన కేక. బయటికి తెచ్చేసరికి ఎడమ కన్ను నెత్తుటి ముద్ద. గుండె కొలత రాలేదు. కన్ను పోయింది.

కట్టు కట్టాక మా ఆయన నన్నొకటే అడిగాడు. "గా మిషనాయన నిన్నేమన్న అడిగిండానే?"

"ఏం అడగలె" అన్నాను.

మా వాళ్లు పలుకుబడి ఉన్నవాళ్లు. పట్నం వచ్చి గొడవ చేశారు. పెద్ద డాక్టర్ల ముందు నన్ను నిలబెట్టారు. అక్కడా అదే చెప్పాను, ఏమీ అడగలేదని. అడిగినట్టు కాగితం ఏదీ లేదు, అంతా నోటి మాటే. మిషన్ నడిపిన ఆ మనిషి నా వైపు చూసి, "అడిగాను కదమ్మా" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అతన్ని పనిలోంచి తీసేశారు.

మా ఆయన మరో మూడేళ్లు బతికాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మనిషిని శపించేవాడు, వాని బతుకు ఆగంగాను అని. నేను కూర వడ్డిస్తూ వినేదాన్ని.

ఆ మనిషి ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. పేరైనా తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఇంత మాత్రం నా చేత్తో రాయగలిగాను. అతను అడిగాడు. రెండుసార్లు అడిగాడు. లేదన్నది నేను.