సున్నంతో రాసిన పేరు

శామీర్‌పేటలో మా నర్సిములు ఇంటి గేటు పక్కన ఒక బండ ఉంది. దాన్ని నిన్నటిదాకా నేను గుండెల మీద మోశాను. ఎన్నేళ్ళని అడగకండి, సిగ్గేస్తుంది. మీకు చెప్పేస్తాను. నవ్వుతారో, ఛీ అంటారో మీ ఇష్టం.

మేమిద్దరం నీళ్ళ సొరంగంలో రాయి పేల్చేవాళ్ళం. ఎదురుగా ఉన్న రాతిగోడలో కుడి సగం నాది, ఎడమ సగం వాడిది. రంధ్రాలు వేసి, మందు కూరి, మూతికి మట్టి దట్టించి పేలిస్తే రాయి లోడర్ ఎత్తగలిగేంత ముక్కలుగా రాలాలి. పెద్ద బండ మిగిలిందా, పనంతా ఆగినట్టే. అందుకే ఎవరి సగంలో బండ మిగిలితే వాడి పేరు దాని మీద సున్నంతో రాసేవాళ్ళం. ఇక ఆ రోజంతా వాడిని అందరూ ఆడుకునేవాళ్ళు.

మా ఇద్దరిలో ఒకరిని మేస్త్రీని చేస్తారని తెలిసిన వారమది. నాకు ఒకటే ఆత్రం. ఆ ఆత్రంలో మట్టి సరిగ్గా దట్టించలేదు. పేలుడు బలమంతా మూతిలోంచి తన్నుకుపోయింది. పొగ పోయాక లోపలికి ముందు వెళ్ళింది నేనే. సొరంగం మధ్యలో పడి ఉంది, ఏనుగు పిల్లంత బండ. నేను వంకరగా వేసిన రంధ్రం తాలూకు గాడి దాని వీపు మీద స్పష్టంగా ఉంది. చూశాను. చూసి కూడా ఆ గాడి కనబడకుండా దాని మీదే సున్నంతో మందంగా నర్సిములు పేరు రాశాను. వాడు నాకేం ద్రోహం చేశాడని? ఏమీ లేదు. పొద్దున తన టిఫిన్‌లో సగం నాకే పెట్టాడు.

"ఏందిరా, గిది నాదేనా?"

"నీదే. నీ దిక్కు నుంచే పడ్డది."

"అట్లనా! ఇగ దీని సంగతేందో తేలుస్త."

మేస్త్రీ పని నాకొచ్చింది. వాడు అలగలేదు, దిగాలు పడలేదు, పట్టు పట్టాడు. రంధ్రాలు కాస్త దగ్గర చేశాడు. మట్టి బదులు మూతికి కంకర చిప్స్ దట్టించాడు. అవి ఒకదానికొకటి బిగుసుకుని పేలుడును లోపలే ఆపుతాయి. అబ్బ, ఆ రోజు రాయి రాలిన తీరు చూడాలి! చేత్తో ఏరి పోసినట్టు అంతా ఒక్క సైజు. వాడు హెల్మెట్ గాల్లోకి విసిరి స్టెప్పులేశాడు. నేనూ వేశాను. ఆ సంతోషం మాత్రం నటన కాదు, నమ్మండి.

తర్వాత వాడు క్రేన్ వాడినీ టిప్పర్ డ్రైవర్‌నూ బతిమాలి, తన పేరున్న ఆ బండను ఇంటికి తెచ్చుకున్నాడు. "గిదే నా గురువు" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఏటా బోనాలకు దాని మీద పేరుకు కొత్త రంగు వేస్తాడు. నన్ను దాని మీదే కూర్చోబెట్టి బగార అన్నం పెడతాడు.

నిన్న బోనాలు. చేతులు వణుకుతున్నాయని రంగు డబ్బా నాకిచ్చాడు. "ఈసారి పేరు నువ్వే వెయ్‌రా. మొదాలు వేసింది గూడ నువ్వే గద!" అంటూ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు.

ఏళ్ళ తరబడి పొరలుగా పేరుకున్న పాత రంగు గీకుతుంటే నా వంకర గాడి వేలికి తగిలింది. ఇంకెన్నాళ్ళు? బ్రష్ ముంచాను. నా పేరు రాశాను.

వాడు అన్నం ప్లేటుతో వచ్చి చదివాడు. నన్ను చూశాడు. వంగి, గాడిలో బొటనవేలు పెట్టి ఆ చివరిదాకా తడిమాడు. వీధిలో డప్పులు దద్దరిల్లుతున్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు, పైగా ఆపుకోలేనంత నవ్వు.

"నాదేరా బండ," అన్నాను. "మొదటి నుంచి నాదే."

క్షమించాడో లేదో నేనడగలేదు. ప్లేటు బండ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. రంగు ఆరలేదని నేను నిలబడే తిన్నాను.