కాళ్ళు కోయని మేక

మొన్న ఉగాది వెళ్ళిన ఆదివారం మా అపార్ట్‌మెంటు వాళ్ళందరం మేడ మీద చేరి తలా ఒక వంటకం తెచ్చుకుని భోజనాలు పెట్టుకున్నాం. మూడో అంతస్తు అమ్మాయి ఒక పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. అందులో పుచ్చకాయతో చేసిన ముళ్ళపంది ఉంది. వీపు నిండా పుల్లలకు గుచ్చిన నల్లద్రాక్షలు, కీరదోస ముక్కల కాళ్ళు, కళ్ళకు రెండు లవంగాలు. ఫోన్లో చూసి నేర్చుకున్నానని ఆ పిల్ల మురిసిపోతోంది, పిల్లలు చుట్టూ మూగి ఫోటోలు తీస్తున్నారు. ఇంతలో దాని కడుపులో పోసిన దోసపండు ముక్కల వాసన, బెల్లమూ యాలకులూ కలిసిన ఆ మగ్గిన వాసన, గాలికి నా దాకా వచ్చింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పండగ పూట పళ్ళను చూసి భయపడే మనిషి ఈ నెల్లూరు మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

డెబ్బైల చివర మా నాయన ఆత్మకూరులో గుమాస్తాగా ఉండేవాడు. మా నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. ఆమె ఇల్లు ఉదయగిరిలో, కొండ కిందికి దిగిన చివరి వీధిలో ఉండేది. చైత్రం వచ్చిందంటే నాయన ఆత్మకూరు సంతలో దోసపండ్లు, పుచ్చకాయలు, అరటి అత్తాలు, సంచి నిండా నిమ్మకాయలు కొనేవాడు. మేమంతా ఆ మూటల మీదే కూర్చుని, కిటికీలోంచి కొట్టే వడగాలికి మొహాలు మాడ్చుకుంటూ ఉదయగిరి బస్సులో పోయేవాళ్ళం. ఒక దోసపండు పగిలితే చాలు, బస్సంతా ఆ వాసనే. దిగేసరికి ఎదురుగా కొండ, దాని మీద పాడుబడిన కోట గోడలు, ఆ గోడల మీద వరసగా కూర్చుని ఊరిని చూస్తుండే కోతులు. పొద్దు వాలే వేళకు కొండనీడ మా అవ్వ ఇంటి మీద ముందు పడి, తర్వాత మిగతా ఊరి మీద పడేది. మా ఇంట్లో దీపం అందరికంటే ముందు వెలిగించేవాళ్ళు.

ఆ ఇంట్లో ఏటా వసంతం పేరంటం జరిగేది. వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చేవాళ్ళు. వడపప్పు, పానకం, నానబెట్టిన శనగలు అన్నీ ఉన్నా, అందరూ వచ్చేది అవ్వ చేసే జీవం కోసం. మా వైపు మేకల్నీ గొర్రెల్నీ జీవాలు అంటారు. పూర్వం ఆ ఇంట్లో చైత్రంలో అమ్మవారికి నిజమైన మేకనే కోసేవాళ్ళట. మా ముత్తాత ఎందుకో దాన్ని మాన్పించాడు. అప్పటి నుంచీ కాయలతో, పళ్ళతో జీవాన్ని చేసి, దాన్నే కోసి పంచుకోవడం ఆచారమైంది. చిన్నపిల్లల ముచ్చట కోసం అవ్వ ఒక ఏడు సొరకాయతో ఏనుగును, ఒక ఏడు సగం పుచ్చకాయ బోర్లించి నాలుగు నిమ్మకాయలు తగిలించి తాబేలును చేసేది గానీ, ఆమె చేతికి బాగా వచ్చింది మేకే. పెద్ద పసుపుపచ్చ దోసకాయ ఒళ్ళు, పచ్చి అరటికాయ మెడ, తొడిమతో ఉన్న మామిడికాయ తల, వంకర తిరిగిన గోరుచిక్కుళ్ళ కొమ్ములు, తమలపాకు చెవులు, కొత్తిమీర తోక. కాళ్ళకు కొసలు తరిగిన ముదురు బెండకాయలు. అన్నిటినీ కొబ్బరి ఈనెలతో గుచ్చి నిలబెట్టేది. దోసకాయ కడుపు తొలిచి అందులో దోసపండు, అరటిపండు, బెల్లం కలిపి నింపేది. తొలిచిన గుజ్జూ గింజలూ మా పాలు. మిగిలిన బెండకాయ తొడిమల్ని పసుపునీళ్ళలో ముంచి గోడల మీద ఐదు రేకుల పువ్వులు అద్దుకోవడం మా ఆట. పేరంటం అయ్యాక కూడా ఆ గోడల నిండా నెలల తరబడి మా పువ్వులే ఉండేవి.

అంతవరకూ అది బొమ్మే. కళ్ళు పెట్టిన తర్వాత మాత్రం అవ్వ దాన్ని బొమ్మ అననిచ్చేది కాదు. కళ్ళకు మిరియపు గింజలు పెట్టేవాళ్ళు. వాటిని ముత్తైదువ అయిన ఇంటి ఆడపడుచు అందరూ చూస్తుండగా వేలితో అదమాలి. అదమగానే గదిలో మాటలు ఆగిపోయేవి. తర్వాత అవ్వ దాని నెత్తిన పసుపునీళ్ళు చల్లి ఊరుకునేది. నిజమైన మేకకు నీళ్ళు చల్లితే ఒళ్ళు విదిల్చేదాకా ఆగుతారు కదా, అలా విదిలిస్తే ఒప్పుకున్నట్టు. దీనికి విదిల్చే ఒళ్ళు లేదు కాబట్టి మామిడికాయ ముట్టె నుంచి నీటిబొట్టు రాలేదాకా ఆగేవాళ్ళు. బొట్టు రాలగానే ఆడవాళ్ళంతా ఊపిరి వదిలి "ఒప్పుకునింది" అనేవాళ్ళు. అప్పుడు అవ్వ కట్టె కత్తి తీసుకునేది. పక్కింటి మస్తాన్‌బీ భర్త కొండ మీది కట్టెతో గరిటెలు చెక్కేవాడు, ఆ కత్తి ఆయన చెక్కిచ్చిందే. కళ్ళు పెట్టాక ఇనుము తగలకూడదు. ముందు కాళ్ళు కోయాలి. ఎందుకవ్వా అంటే "నడిచి పోదా మరి" అనేది, పాలు పొంగిపోవా అన్నంత మామూలుగా.

ఆ కళ్ళు పెట్టే ఆడపడుచు మా రత్నత్త. నాయనకు ఒక్కతే చెల్లెలు, నవ్వితే బుగ్గలు సొట్టలు పడేవి, పెళ్ళయినా పుట్టింటి పక్క వీధిలోనే కాపురం. ఆమె మొగుడు పెంచల మామ లారీ డ్రైవరు. వచ్చినప్పుడల్లా మాకు కడప నుంచి ఏదో ఒకటి తెచ్చేవాడు, మమ్మల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి హారన్ కొట్టించేవాడు. ఒక ఏడు పేరంటం అయిన కొన్నాళ్ళకు మామ లోడు వేసుకుని బద్వేలు వైపు పోయి తిరిగి రాలేదు. మర్రిపాడు దాటాక రోడ్డు పక్కన లారీ కనబడింది. తాళంచెవి దానికే ఉంది. సీటు మీద కేరేజీ తెరిచి ఉంది, పెరుగన్నం కలిపి ఉంది గానీ ముద్ద ఎత్తలేదు. చెప్పులు లారీ కింద జతగా, ఇంటి గుమ్మం ముందు విడిచినట్టు పెట్టి ఉన్నాయి. మనిషి లేడు. పోలీసులు వెతికారు, మా నాయన సీతారామపురం అడవుల దాకా పోయి గొర్రెల కాపరులందరినీ అడిగి వచ్చాడు. చిరుతపులి అన్నారు కొందరు, బొంబాయి పారిపోయాడన్నారు ఇంకొందరు. ఒక గుడ్డ పేలిక కూడా దొరకలేదు.

ఏడాది తిరిగింది, మళ్ళీ చైత్రం వచ్చింది. అత్త బొట్టు మీద ఊరంతటి కళ్ళూ పడ్డాయి. బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా, పేరంటానికి పిలవవచ్చా అని బావుల దగ్గరా బడ్డీకొట్ల దగ్గరా అదే మాట. అత్త మాత్రం రోజూ మామ కంచం కడిగి బోర్లించేది. అవ్వ ఆ ఏడు పేరంటం మానలేదు. మానితే కూతురి బొట్టు తానే చెరిపినట్టవుతుందని ఆమె భయం. మేకను ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేసింది.

అందరూ వచ్చారు. వాళ్ళలో మేడింటి కామాక్షమ్మ అంటే వీధికి హడలు, ఎవరింట్లో ఏ శుభం జరిగినా ఆమె ఔననాలి. అవ్వ మిరియపు గింజలు అత్త చేతిలో పెట్టబోయింది.

"ఈ ఏడు ఇంకెవురి చేతనన్నా పెట్టిస్తే బాగుంటాదేమో వదినా. ఏడాది అయిపాయ గదా" అన్నది కామాక్షమ్మ.

"అయితే ఏంది? మనిషి పోయినాడని నువ్వు చూసొచ్చినావా?" అన్నది అవ్వ.

అత్త గింజలు అందుకుని కళ్ళు పెట్టింది. అవ్వ పసుపునీళ్ళు చల్లింది. అందరం చూస్తున్నాం. బొట్టు మామిడికాయ ముట్టె దాకా జారి వచ్చి అక్కడ ఆగింది. రాలలేదు. బయట వడగాలికి తలుపు రెక్క కొట్టుకుంటోంది, తమలపాకు చెవులు కదులుతున్నాయి, ఆ బొట్టు మాత్రం కదలదు. ఎంతసేపు చూశామో చెప్పలేను. నేను అమ్మ కొంగు పట్టుకుని ఆ మిరియపు కళ్ళ వైపు చూడలేక నేల చూపులు చూశాను. చివరికి ఆ బొట్టు రాలకుండానే, అక్కడే ఆరిపోయింది.

"సరే, కొయ్యి వదినా, పొద్దు పోతా ఉండాది" అన్నది కామాక్షమ్మ. అవ్వ కట్టె కత్తి ఎత్తింది. అత్త వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొయ్యొద్దు అమ్మా. అది ఒప్పుకోలే. దాని కాళ్ళు దానికి ఉండనీ. పోయి ఆయన్ని ఎతుక్కోని రానీ."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కామాక్షమ్మ లేచి, తన తాంబూలం అరుగు మీదే వదిలేసి వెళ్ళింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు. తాంబూలం వదిలి పోవడమంటే ఆ ఇంట పేరంటం జరగలేదని చెప్పడమే, అత్తను ముత్తైదువ కాదనడమే. మా అమ్మ కళ్ళొత్తుకుంది. ఎప్పుడూ గుమ్మం పక్కన కూర్చుని పళ్ళు మాత్రం తినిపోయే మస్తాన్‌బీ ఒక్కతే కదల్లేదు. "పోనీలే రత్నా. మనుషులు పోలేని తావుకి అదన్నా పోతాది" అని అత్త వీపు నిమిరింది.

అత్త పళ్ళేన్ని తీసుకుపోయి వీధి అరుగు మీద, మేక మొహం రోడ్డు వైపు ఉండేట్టు పెట్టింది. అవ్వ మా అమ్మ చేత వాకిట్లో కల్లాపి చల్లించి, ముగ్గు వేయించి, మమ్మల్నందరినీ లోపలికి తోలి తలుపు గడియ పెట్టింది.

తెల్లవారి లేచేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది. కోతులు ఎత్తుకుపోయాయనుకోవచ్చు. కోతులు తింటే తొక్కలూ గింజలూ చిందర వందరగా పడేస్తాయి, అది మాకు రోజూ తెలిసిన సంగతే. అక్కడ ఒక్క గింజ లేదు. అరుగు దిగిన చోటు నుంచి ఆరిన కల్లాపిలో, ముగ్గు మీదుగా, ఐదు రేకుల చిన్న చిన్న గుర్తులు ఉన్నాయి. రెండు ముందు, రెండు వెనక. మేము గోడల మీద అద్దుకునే బెండకాయ పువ్వులే. అవి వాకిలి దాటి, వీధి దుమ్ములో మెత్తగా దిగబడుతూ, మలుపు తిరిగి బస్సులు పోయే తారు రోడ్డు అంచు దాకా పోయాయి. అక్కడ ఆగాయి. తారు మీద ఏ గుర్తూ నిలవదు కదా.

ఊరంతా వచ్చి చూసింది. గట్టిగా మాట్లాడినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం కామాక్షమ్మ తలవంచుకుని వచ్చి, అరుగు మీద వదిలిన తాంబూలం తీసుకుని, తన చేత్తోనే అత్తకు కుంకుమ పెట్టింది. పెడుతున్నంతసేపూ ఆమె అత్త మొహం వైపు కాదు, రోడ్డు వైపే చూసింది. అది భక్తి కాదు, భయం. ఆ తర్వాత ఎవరూ అత్త బొట్టు సంగతి ఎత్తలేదు.

కాస్త పెద్దయ్యాక నాకు అవ్వ మీదే అనుమానం వచ్చింది. కూతురి బొట్టు కాపాడుకోవడానికి ఆమె చెయ్యని పని ఉండదు. ఒకసారి అడిగాను కూడా. అవ్వ కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటోంది. "నేల మీద కూసుంటే ఇద్దరు పట్టి లేపాల నన్ను. తారు రోడ్డు దాకా వంగి గుర్తులు ఏసినానంటే నువ్వు నమ్ముతావా?" అన్నది. నిజమే, నమ్మలేను. ఆమె చేసి ఉంటే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. అలా అయితే నేను నిమ్మళంగా నిద్రపోయేదాన్ని.

ఆ ఇంట్లో మళ్ళీ జీవాన్ని చెయ్యలేదు. ఒకటి బయట తిరుగుతుండగా ఇంకొకటి చెయ్యకూడదని అత్త అనేది. అవ్వ పోయాక అత్త ఆ ఇంట్లోకే మారింది. ఎనభైల్లో నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక వేసవి ఆమెకు తోడుగా ఉన్నాను. చైత్రమే. ఒక తెల్లవారుజామున వీధి తలుపు మీద చప్పుడయింది. చేత్తో కొట్టిన చప్పుడు కాదు, కింద ఎక్కడో, గడప దగ్గర, మెత్తగా తట్టినట్టు. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. అత్త లేచి జడ ముడి వేసుకుని, పాలవాడు వచ్చినప్పుడు లేచినంత తీరిగ్గా పోయి తలుపు తీసింది. కాసేపు అక్కడే నిలబడి, వంగి ఏదో విన్నది. తలుపు వేసి వచ్చి పడుకుంది. దోసపండు వాసన గదంతా నిండింది.

"ఎవరత్తా?" అన్నాను.

"ఇంకా దొరకలేదంట. పడుకో బిడ్డా."

అత్త నిరుడు కార్తీకంలో పోయింది. నుదుట రూపాయంత బొట్టుతో, చేతుల నిండా గాజులతో పోయింది. మస్తాన్‌బీ అంతకు ముందే పోయింది, ఆమె ఇంట్లో గరిటెలు చెక్కేవాళ్ళు లేరు. కామాక్షమ్మ మేడ ఇప్పుడు లాడ్జి. అవ్వ ఇల్లు కొన్నవాళ్ళు అరుగు కొట్టేసి, మా బెండకాయ పువ్వుల గోడలకు రంగు వేయించి, వాకిలంతా నున్నటి గ్రానైటు పరిపించారు. కల్లాపి లేదు, ముగ్గు లేదు. దాని మీద ఏది నడిచినా గుర్తు పడదు.

"మీరు పెద్దవాళ్ళు, మీరే కట్ చెయ్యండి ఆంటీ" అని మూడో అంతస్తు అమ్మాయి నా చేతికి కత్తి ఇచ్చింది. ఇనుప కత్తి. లవంగాల కళ్ళు నా వైపే ఉన్నాయి. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందు కాళ్ళ వైపే పోయింది, పోయి ఆగిపోయింది. రేపు చైత్రం వెళ్ళేలోగా ఒక తెల్లవారుజామున అవ్వ చేసిన మేక ఉదయగిరిలో ఆ తలుపు దగ్గరికి వస్తుంది. గడప దగ్గర మెత్తగా తడుతుంది. కొత్తవాళ్ళు లేచి తలుపు తీస్తారో తియ్యరో. అత్త పోయిందని, ఇక వెతకనక్కర్లేదని దానికి ఎవరు చెబుతారు?

కత్తి ఆ పిల్లకే తిరిగి ఇచ్చేశాను.