మా నాన్న సైకిలు ఫిలింనగర్ గుట్ట ఎక్కిన వైనం

ముందుగా ఒట్టు. మా నాన్న సైకిలు బెల్లు మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. ఈసారి సాక్ష్యానికి సైకిలు ముందు మడ్‌గార్డు మీద సొట్ట ఉంది. మోతీనగర్ వచ్చి ఎవరైనా తడిమి చూసుకోవచ్చు.

హైటెక్ సిటీ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. ఊళ్ళో కార్లు ఎంత జోరుగా పెరిగాయంటే, రాత్రి పడుకునేటప్పుడు మా సందులో రెండుంటే పొద్దున లేచేసరికి అవి పిల్లల్ని పెట్టి ఉండేవి. సైకిలు తొక్కేవాణ్ణి చూస్తే, పాపం ఈయనకి ఏం కష్టం వచ్చిందో అన్నట్టు చూసేవారు.

మా బామ్మర్ది యాదగిరి అప్పుడే ఒక సినిమాలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరాడు. సీనుకు కావలసిన కుర్చీలూ లాంతర్లూ వెతికి తెచ్చే పని. వాళ్ళకు పాతకాలపు సైకిలు కావాలంటే మా నాన్నది ఇచ్చాను, ప్రతి సాయంత్రం ఇల్లు చేరాలన్న షరతు మీద. మూడు రోజులు కంపెనీ వ్యాను దాన్ని పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి దిగబెట్టింది. నాలుగో రోజు పొద్దున ఏడింటికి ఫోన్.

"బావా, వ్యాన్ ఖరాబైంది. సైకిల్ తొమ్మిదింటికల్లా ఫిలింనగర్‌ల ఉండాలె."

"ఇంకో సైకిల్ చూసుకోరాదు?"

"గట్ల కుదరది. నిన్న హీరో దాని మీదనే గేటు దాక వచ్చిండు. ఇయ్యాల గేట్లకెల్లి లోపటికి రావాలె. గేటు బయట ఒక సైకిల్, లోపట ఒక సైకిల్ అయితే జనం నవ్వుతరు. నన్ను ఇంటికి పంపుతరు. నెల గూడ కాలే బావా నేను చేరి."

ఆ గొంతు విన్నాక కాదనలేకపోయాను. ఆటో ట్రాలీలో వేసుకుపొమ్మని మా ఆవిడ అంది. వేసుకుపోవచ్చు. కానీ షూటింగ్ దగ్గర ట్రాలీలోంచి దిగడమూ, సైకిలు మీంచి దిగడమూ ఒకటేనా? ఏడుంబావుకు పెడలు మీద కాలేశాను.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారు రహమత్ నగర్ సందుల్లోంచి పోవడం మంచిది. ఆ సందుల్లో కారుకీ సైకిలుకీ ఒకటే వేగం, కోళ్ళు అనుమతిస్తేనే ఎవరైనా ముందుకు పోయేది. అసలు చిక్కు యూసుఫ్‌గూడ మెయిన్ రోడ్డెక్కాక మొదలవుతుంది. అక్కడొక సిటీ బస్సు నన్ను ఎంత దగ్గరగా రాసుకుంటూ వెళ్ళిందంటే, కండక్టరు కిటికీలోంచి చెయ్యి చాపి టికెట్ అడిగాడు. పాసుందని చెప్పాను. నమ్మి వదిలేశాడు.

ఏడూ ముప్పావుకు కృష్ణానగర్. అక్కడి బండి మీద ఇడ్లీ బాగుంటుంది, పల్లీల చట్నీ అడిగినంత వేస్తారు. నా పక్కన ఒక ఎస్సై నిలబడి తింటున్నాడు. నేను చేతులు కట్టుకోబోతే నవ్వాడు.

"భయపడకే అన్నా, నేను జూనియర్ ఆర్టిస్టును. ఎనిమిది సినిమాల నుంచి ఎస్సైనే. ప్రమోషన్ లేదు."

రోడ్డు దాటలేక నేను తిప్పలు పడుతుంటే చూడలేక, చట్నీ అంటిన చెయ్యి వెనక దాచుకుని రెండో చెయ్యి ఎత్తాడు. కార్లన్నీ ఆగిపోయాయి. ఒకాయన గబగబా సీటు బెల్టు కూడా పెట్టుకున్నాడు.

"నిజం పోలీసోళ్ళకు గింత ఇజ్జత్ ఉండది," అన్నాడు ఎస్సై, నన్ను దాటిస్తూ.

అక్కణ్ణుంచి చెక్‌పోస్ట్ దాకా ఎగువే. దిగి నెట్టాను, అందులో సిగ్గేమీ లేదు. చెక్‌పోస్ట్ దాటి జూబ్లీహిల్స్ రోడ్డు మీదకు వచ్చి మళ్ళీ ఎక్కాను. ఎనిమిదింబావు దాటింది. కుడివైపున బస్సు, ఎడమవైపున ఆగి ఉన్న చిన్న ఎర్రకారు, మధ్యలో నాకని దేవుడు వదిలిన జానెడు జాగా. ఆ జాగాలో సగం దూరం పోయానో లేదో, ఎర్రకారు తలుపు తెరుచుకుంది.

సైకిలు తలుపును గుద్దుకుంది. నేను వెళ్ళి సైకిలు ముందు పడ్డాను.

లేచేలోపు కారులోంచి ఒక అమ్మాయి దిగింది. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో ఫోను, మొహంలో నెత్తురుచుక్క లేదు. భయపడ్డవాళ్ళు చేసే పనే చేసింది, దబాయించింది.

"బెల్ కొట్టొచ్చు కదండీ!"

"అద్దాలెక్కించుకొని లోపల పాటలు పెట్టుకుంటివి. బెల్లు కాదు బిడ్డా, గుడి గంట గొట్టినా వినవడ్తదా?"

"అయినా డోర్‌కి అంత దగ్గరగా ఎందుకొచ్చారు?"

"ఇంకో పక్కకెల్లి బస్సు వస్తుండె. బస్సు కన్నా నీ తలుపు మెత్తగుంటదని ఇటొచ్చిన."

ఇంతలో పక్కనున్న ఛాయ్ బండి దగ్గరి జనం వచ్చారు. ఇంకెక్కడైనా మనిషి పడితే నీళ్ళు తెస్తారు. ఇక్కడివాళ్ళు ముందు చెట్లమీదా, మేడలమీదా కెమెరా ఎక్కడుందోనని వెతికారు. ఒకతను జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఛాయ్ బండాయన మాత్రం నా దగ్గరికే వచ్చాడు.

"అన్నా, జర ఇంకోసారి పడ్తవా? నేను ఛాయ్ వడగడ్తుంటి, మంచిగ జూడలే."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కారులోంచి సీసా తెచ్చి నా మోచేతి మీద నీళ్ళు పోసింది. అప్పుడు చూశాను, కారు వెనకద్దం మీద ఎర్రగా 'ఎల్' అక్షరం.

"ఫోన్ వచ్చిందని పక్కకి ఆపానండీ, డ్రైవ్ చేస్తూ మాట్లాడకూడదని. సిగ్నల్ లేక దిగబోయాను. వెనక్కి చూడలేదు, తప్పు నాదే." ఇంకాస్త నీళ్ళు పోస్తూ అంది: "తణుకులో చదువుకునేప్పుడు నేనూ సైకిల్ మీదే వెళ్ళేదాన్నండీ. ఇక్కడ కారు కొన్నా సైకిల్ మీదున్నట్టే ఉంది. నెమ్మదిగా వెళ్తే వెనక పెద్దకార్లన్నీ హారన్లతో తరుముతాయి."

ఇక దెబ్బలాడటానికి నాకు ఏమీ మిగలలేదు. ముందుచక్రం మోకాళ్ళ మధ్య బిగించి, తిరిగిపోయిన హ్యాండిల్ సరిచేశాను. మడ్‌గార్డు ఎడమపక్క సొట్టపడి టైరును ఒరుసుకుంటోంది. సైకిలు ఆమె కారులో పట్టదు. ఆ వేళప్పుడు ట్రాలీ దొరకదు. తొమ్మిది దాటితే యాదగిరి సంగతేమిటో చెప్పాను.

"అయ్యో, ఆయన ఉద్యోగం పోతుందా అండీ?"

"ఎట్ల పోతది? నేను పోతున్న గద."

ఆమెను ఆఫీసుకు పొమ్మని చెప్పి సైకిలెక్కాను. ఇక ఫిలింనగర్ గుట్ట. ఆ ఎత్తు మీద కార్లే గురక పెడతాయి. నేను సీటు మీంచి లేచి, నిలబడి తొక్కాను. చక్రం కిర్రుకిర్రుమంటున్నా ఎక్కడా దిగలేదు. మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే కార్ల బారు, చెక్‌పోస్ట్ దాకా ఉందేమో. ఒక్కటీ నన్ను దాటడం లేదు. హారన్ కొట్టడం కూడా మానేశారు. దారి పక్క జనం నన్ను చూసి జుట్టు సవరించుకుంటున్నారు. నా తొక్కుడు చూసి ఇంత మర్యాదా అని నాకే ఆశ్చర్యమేసింది.

తొమ్మిది కొట్టబోతుండగా షూటింగ్ బంగళా గేటు చేరాను. యాదగిరి గేటు బయట చెప్పులేసుకుంటున్నాడు. పక్కన అసిస్టెంట్ డైరెక్టరు నిన్న తీసిన ఫొటో పట్టుకుని, ఎవరో తెచ్చిన కొత్త సైకిలుకు మసి పూయిస్తున్నాడు.

"సైకిల్ ఇగ రాదనుకొని నన్ను పొమ్మన్నరు బావా," అన్నాడు యాదగిరి. తర్వాత సైకిలును చూశాడు. ఆ తర్వాత సొట్టను చూశాడు. సైకిలును చూసి వెలిగిన మొహం సొట్టను చూసి ఆరిపోయింది.

అసిస్టెంట్ డైరెక్టరు ఫొటోనూ మడ్‌గార్డునూ మార్చి మార్చి చూశాడు. డైరెక్టరుగారు టీ కప్పుతో వచ్చారు. పెద్దాయన, నిదానస్తుడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు.

"నిన్న ఏ వైపు నుంచి తీశాం?"

"కుడి వైపండీ."

"సొట్ట ఎడమవైపేగా. ఈ రోజూ కుడి వైపే పెట్టండి." రెండడుగులు వేసి ఆగారు. "ఎవరయ్యా ఈ సైకిల్ తెప్పించింది?"

"నేనే సార్," అన్నాడు యాదగిరి, ఒక కాలికి చెప్పుతో.

"మంచి సైకిల్. లోపలికి రా, ఎండలో నిలబడ్డావేం?"

యాదగిరి మడ్‌గార్డును టైరుకు తగలకుండా వంచాడు, సొట్ట మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నం యూనిట్ భోజనం పెట్టారు, సాంబారు మంచిది. హీరో మా నాన్న సీటు మీద కూర్చుని గేటులోంచి లోపలికి వచ్చాడు, పదకొండుసార్లు. ఒక్కసారి కూడా నాలాగా బెల్లు కొట్టలేకపోయాడు.

సాయంత్రం అయిదింటికి తిరుగు ప్రయాణం, అంతా దిగుడే. ఆగి ఉన్న ప్రతి కారు దగ్గరా ముందుగా బెల్లు కొట్టి, లోపల తల ఉందేమో చూసి, అప్పుడు పోయాను. కొందరు విసుక్కున్నారు. ఒకాయన మాత్రం తలుపు మీద చెయ్యి పెట్టినవాడు, చెయ్యి తీసి నన్ను పోనిచ్చాడు. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే: ఆ రోడ్డు మీద అందరూ ఎవరో ఒకరికి భయపడుతూనే పోతుంటారు. మీకు భయపడేవాళ్ళు కూడా ఉంటారు, కాస్త చూసుకోండి.

ఇంటికొచ్చి సైకిలుకు స్టాండు వేశాను. బెల్లు నావంకే చూస్తున్నట్టుంది. సరే, ఒట్టు ఒట్టే. కండక్టరు సంగతి పక్కన పెట్టండి, కల్పించింది ఒకటుంది. గుట్ట నేను తొక్కలేదు. చక్రం తిరిగితే కదా తొక్కడానికి. ముందు భాగం ఎత్తిపట్టి, రొప్పుకుంటూ నెట్టుకెళ్ళాను. కార్ల బారు నిజమే. అది నాకు మర్యాద కాదు. ఆ అమ్మాయి ఆఫీసుకు పోలేదు. నన్నెవరూ గుద్దకుండా ఆ ఎర్రకారును అడ్డంపెట్టి, లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ, నడక వేగంతో గుట్ట పొడుగునా నా వెనకే వచ్చింది. మొదట్లో హారన్లూ, తిట్లూ అన్నీ ఆమెకే. ఆఖరికి తల బయటపెట్టి అరిచింది.

"షూటింగండీ, హారన్ కొట్టకండి, సౌండ్ కూడా తీస్తున్నారు!"

అంతే, గుట్టంతా నిశ్శబ్దం. వెనక పెద్దకారాయన మాత్రం మెల్లగా అడగడం నాకు వినబడింది: "ఆయన హీరోనా?"

"కాదండీ, హీరో తండ్రి వేషం."

అందరూ నమ్మారు. గేటు దగ్గర ఆమె లోపలికి కూడా రాలేదు, ఆలస్యమైందంటూ కారు తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళుగా నేను కోసిన కోతలన్నీ నా గొప్ప కోసమే. ఆ పిల్ల కోసిన ఒక్క కోత, మొహమైనా చూడని యాదగిరి కోసం. మనసులో ఆమెకు దణ్ణం పెట్టుకున్నాను.

కాకపోతే తండ్రి అనకపోతే బాగుండేది. హీరోకి అన్నయ్య అని ఉంటే ఎవరు కాదనేవారు?