చదవలేని ఉత్తరాలు

“చిన్నమణిని అరక్కోణానికి తోసేస్తారంటన్నా. ఆయమ్మ నోరు మంచిది కాదంట, అందుకే జనం బ్యాంకు విడిచి పోయినారంట. ఎందుకు పోయినారో నేను కళ్లారా చూసినాను. చూసిందాన్ని తుడిచేయమంటే ఎట్లా తుడిచేది?”

గుడియాత్తంలో యోగానంద్ సైకిల్ షాపు ముందు బెంచీ మీద కూర్చుని లోకేశ్వరి అంటున్న మాట అది. ఆదివారం పొద్దున. యోగానంద్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తూ, మధ్య మధ్య ‘ఊఁ’ కొడుతున్నాడు. ఆమెకు అది చాలు. వేలూరు ఆఫీసులో వారం రోజులుగా ఆపాటి ‘ఊఁ’ అన్నవాళ్లు కూడా లేరు.

లోకేశ్వరి పుట్టి పెరిగింది ఆ వీధిలోనే. నాన్న కన్నప్ప లుంగీలు నేసేవాడు. పొద్దున్నే నాలుగు కండెలు చుట్టి గానీ ఆమె బడికి పోయేది కాదు. ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు తమిళం. బీకాం కాగానే ఒక ప్రైవేటు బ్యాంకు గుడియాత్తం శాఖలో కౌంటర్ ఉద్యోగం దొరికింది. పని నేర్పింది పక్క కౌంటర్ చిన్నమణే. నేర్పడమంటే తిట్టడమే. ముసలివాళ్ల చీటీలు వాళ్లు అడగకముందే రాసిపెట్టేది, రాస్తూనే వాళ్లనూ తిట్టేది. తిట్టించుకున్నవాళ్లు మరుసటి వారం మళ్లీ ఆ వరసలోనే నిలబడేవాళ్లు.

ఐదేళ్ల తర్వాత లోకేశ్వరి వేలూరు ప్రాంతీయ కార్యాలయానికి మారింది. అంకెల పట్టీలను రంగుల బొమ్మలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి అక్కడ కొని పెట్టారు, ముట్టుకున్న నాథుడు లేడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ ఆమె దాన్ని నేర్చుకుంది. ఆరు నెలలు తిరక్కుండా ఏ శాఖలో ఏం జరుగుతున్నదో చూడాలంటే అందరూ ఆమె బల్ల దగ్గరికే రావడం మొదలైంది.

ఈమధ్య ఆ శాఖల్లో ఖాతాలు మూసేసుకుని పోయేవాళ్లు ఎక్కువయ్యారు. ఎందుకు పోతున్నారో బొమ్మ గీసి చూపించమని మేనేజర్ దేవేంద్రన్ పురమాయించాడు. చెప్పడం చెప్పాడు గానీ జవాబు ఆయన దగ్గర ముందే ఉంది: గుడియాత్తంలో ఆ నోటిదురుసు మనిషి. బదిలీ కాగితం కూడా టైపు చేయించి పెట్టుకున్నాడు. చిన్నమణి ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన అత్త ఉంది. రోజూ అరక్కోణం పోయి రావాలంటే ఆ ముసలామెకు మధ్యాహ్నం అన్నం పెట్టే దిక్కుండదు.

లోకేశ్వరి ముందు వయసు పట్టీని బొమ్మలోకి లాగి చూసింది. అన్ని కడ్డీలూ ఒకే ఎత్తు. ఇంటికీ శాఖకీ ఉన్న దూరం వేసింది, ఏమీ తేలలేదు. ఏ కౌంటర్‌కు వచ్చేవాళ్లు పోయారని వేసింది. చిన్నమణి కౌంటర్ వాళ్లే అందరికంటే తక్కువ పోయారు. మిగిలి ఉన్న పట్టీలన్నీ ఒక్కొక్కటే వేస్తూ పోయి, చివరికి ‘ఉత్తరాల భాష’ అన్నదాన్ని బొమ్మకు రంగులు పంచే గడిలో పడేసింది.

తెర మీది గీత రెండుగా చీలింది. తమిళంలో ఉత్తరాలు అందుకునేవాళ్లది నీలంలో నేలకు అంటుకుని ఉంది. తెలుగులో అందుకునేవాళ్లది ఎరుపులో నిట్టనిలువుగా లేచింది. గుడియాత్తంలో, కే.వి.కుప్పంలో, మేల్పాడిలో. అదీ పోయిన ఆగస్టు నుంచి.

అది చూసి ఆమెకు మొదట వచ్చిన కోపం దేవేంద్రన్ మీద కాదు. ఆ పట్టీ తయారు చేసింది తనే. ఎవరికి ఏ భాషలో ఉత్తరం పంపాలో చెప్పమని పోయినేడు మద్రాసు హెడ్డాఫీసు నుంచి అడిగారు. అలాంటి లెక్క ఎక్కడా లేదు. పాత ఫారాల్లో ‘తాయిమొళి’ అని ఉంది, అంటే తల్లిభాష. మనవాళ్లంతా అక్కడ గొప్పగా తెలుగు అని రాయించుకున్నారు. ఆ వరసను ఉన్నదున్నట్టు ఎత్తి ఇక్కడ పెట్టింది. మనవాళ్లకు మన భాషలో ఉత్తరం వస్తుందని లోపల మురిసిపోయింది కూడా.

మురిసినప్పుడు, తనకే తెలుగు అక్షరం రాదన్నది గుర్తు రాలేదు.

వివరాలు మళ్లీ ఇవ్వకపోతే ఖాతా ఆపేస్తామని బ్యాంకు మూడుసార్లు రాసింది. తెలుగులో రాసింది. లోకేశ్వరి అమ్మ అమరావతికీ వచ్చిందొకటి. తిరుపతి నుంచి ఏదో కల్యాణం పిలుపనుకుని, కళ్లకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టింది. ఆగస్టులో మందులకు డబ్బు తీయబోతే ఖాతా ఆగిపోయి ఉంది. ఆమె చిన్నమణిని నాలుగు దులిపి, కూతురికి చెప్పకుండానే ఎదుటి వీధి బ్యాంకుకు మారిపోయింది. బొమ్మ చూసిన రాత్రి లోకేశ్వరి ఫోన్ చేసి అడిగితే అప్పుడు బయటపెట్టింది.

“మాకు తెలుగు నోట్లో ఉండాది గానీ కంట్లో లేదు గదమ్మా. మీ బ్యాంకోళ్లకు ఆ మాత్రం తెలీదా?”

మర్నాడు లోకేశ్వరి ఆ బొమ్మ తీసుకుపోయి దేవేంద్రన్ ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. అర్థమైంది. అర్థమయ్యాకే తలుపు దగ్గరికి వేయించాడు.

“అదెల్లాం వేండామ్మా, అదంతా వద్దు. ఆ రంగు తీసేయి. పట్టీ నువ్వు చేసినావు, సంతకం నేను పెట్టినాను. మద్రాసుకు తెలిస్తే ఇద్దరికీ ముప్పే. చిన్నమణికి ఏం, రైలుండాది, పోయొస్తాది.”

తప్పు నాదని నేనే రాసిస్తానంది లోకేశ్వరి. ఆయన నవ్వాడు. బొమ్మ ఏమైనా చెప్తుందనీ, ఒక్క మనిషి వచ్చి ఉత్తరం చదవలేకే బ్యాంకు విడిచి పోయినానని చెప్పాడా అనీ అడిగాడు. మంగళవారం మద్రాసువాళ్లు వస్తున్నారు, ఆ లోపల తీసేయమన్నాడు.

ఇదంతా చెప్పి లోకేశ్వరి లేచి నిలబడింది. యోగానంద్ ట్యూబు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. చిత్తూరు బస్సుల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు తనంతట తానే నేర్చుకున్న మనిషి అతను. ఆ వీధిలో అవి వచ్చినవాడు అతనొక్కడే. అందుకే లోకేశ్వరి అతని దగ్గరికి వచ్చింది.

“బ్యాంకు నుంచి పేర్లు నేను ఇయ్యకూడదన్నా. అమ్మను వెంటబెట్టుకుని పో. ఒక ఇంటికి పోతే పక్కిల్లు వాళ్లే చూపిస్తారు. దేవుడి పటాల వెనకాల, బియ్యం డబ్బాల కింద ఆ కాయితం యాడుండాదో వెతికించు. దాంట్లో ఏముండాదో చదివి చెప్పు. విన్నాక వాళ్లు అనే మాట ఒక్కటీ విడవకుండా తమిళ అక్షరాల్లో రాసి, కింద వాళ్ల చేతనే సంతకం పెట్టించు. ఎవురు చేసింది అని అడిగితే నా పేరు చెప్పు. నన్ను తిడితే అదీ రాయి. రేపు సాయంత్రం లోపల నా చేతికి తెచ్చియ్యి, ఎల్లుండి మద్రాసోళ్ల ముందర ఆ బొమ్మ పక్కన పెడతాను, పో అన్నా.”