వంకర తలుపు

బడి వదలగానే ఆ పిల్ల బస్టాపు దగ్గర ఆగుతుంది. బొద్దుగా ఉంటుంది, జడ సగం ఊడి ఉంటుంది, సంచిలోంచి పొడుగాటి స్కేలు తొంగిచూస్తుంటుంది. అక్కడి ప్రకటనలో నాజూకు నడుం అమ్మాయి వెనకున్న తలుపు అంచుకు ఆ స్కేలు ఆనించి, చుట్టూ మూగిన ఆడపిల్లలకు చూపిస్తుంది. "చూశారా, తలుపెలా వంగిందో! కంప్యూటర్లో నడుం నొక్కితే పక్కనున్నదీ నలుగుతుందే. ఈ దొంగ నడుం కోసమా మీరు అన్నం మానేసేది?" వాళ్లు పకపకా నవ్వి, వంకర మీద సుద్దతో గీత గీసి, ఫోటో తీసి ఆ కంపెనీకే పంపిస్తారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ, ఆమెకు రచ్చే ముందొచ్చింది. వాళ్ల నాన్నది ఫోటో స్టూడియో. ఇంటి తలుపు పక్కన నిలబెట్టి తీసిన కూతురి ఫోటోను ఆయన మొన్న పెద్దది చేసి, ముచ్చటగా స్టూడియో గుమ్మం పక్కన తగిలించాడు. ఆమె కాసేపు చూసి స్కేలు తీసింది.

"నాన్నా, మన తలుపూ వంగిపోయింది."

ఆయన మొహం చిన్నబోయింది. "నువ్వు బావుండాలనే కదమ్మా..."

"అంటే, ఇప్పుడు బాలేనా?"

మర్నాటికి అక్కడ వేరే ఫోటో ఉంది. అందులో పిల్ల బొద్దుగా నవ్వుతోంది, వెనక తలుపు నిటారుగా ఉంది. అనుమానమున్నవాళ్లు చూసుకోమని, పక్కనే దారం కట్టి ఒక స్కేలు వేలాడదీశాడాయన.