నంబరు మిగిలింది, పేర్లు పోయాయి

నంబరు మారకుండానే సెల్ కంపెనీ మారొచ్చన్న కొత్తల్లో, మా నాచారం గల్లీలో అందరికంటే ముందు మారింది నేనే. ఇంట్లో ఏనాడూ సిగ్నల్ ఇవ్వని పాత కంపెనీ, వదిలేశాక మాత్రం తిరిగి రమ్మని రోజంతా ఫోన్లు చేసేది. పేర్లన్నీ పాత సిమ్ములోనే ఉండిపోవడంతో ఎవరు చేసినా ఉత్త నంబరే కనిపించేది.

ఓ ఆదివారం మళ్లీ మోగింది. "మీ పీడ విరగడైందని హాయిగా ఉన్నాను. ఇంకోసారి చేస్తే మర్యాదుండదు" అన్నాను.

అవతలి నుంచి జవాబొచ్చింది: "గట్లనా అల్లుడా? నేను, మీ అత్త ఉప్పల్ రింగురోడ్డు కాడ బస్సు దిగినం. వాపస్ పోమంటవా?"

చెప్పులు కూడా వేసుకోకుండా స్కూటర్ తీశాను.

నంబరైతే దక్కింది గానీ, అత్తారింట్లో పరువు పాత సిమ్ముతోనే పోయింది. మామగారు ఇప్పటికీ ఫోన్ చేయగానే అనే మొదటిమాట: "కంపెనీవోళ్లు కాదు అల్లుడా, నేనే."