ఫ్యూజు ఎగరగొట్టిన పాట

ఇప్పుడు ఎవరి చెవిలో పాట వాళ్లు పెట్టుకుని తిరుగుతున్నారు గానీ, ఆ రోజుల్లో సికింద్రాబాద్ కుర్రాడికి ఒక విదేశీ పాట దొరకాలంటే ముందు దానికి తగిన స్నేహితుడు దొరకాలి. నాకు సైనిక్‌పురి వాడొకడు దొరికాడు. మిలిటరీలో రిటైరైన వాళ్ల నాన్న గారింట్లో టేప్ రికార్డరుండేది. అందులోనే ఆ అమెరికా గాయకుణ్ణి మొదటిసారి విన్నాను. జలుబు చేసినవాడు ఇరుగుపొరుగును తిడుతున్నట్టుండే గొంతు. చేతిలో గిటారు, మెడకు తగిలించుకున్న మౌతార్గాన్, యుద్ధాల మీదా అన్యాయాల మీదా సొంతంగా రాసుకున్న పాటలు. ఆ గొంతుకే అంత పేరొస్తే నాకెంత రావాలి అనుకున్నాను (నాకు జలుబు కూడా లేదు).

ఆయన చరిత్రంతా మా సైనిక్‌పురి వాడు విడతలుగా చెప్పేవాడు. గనుల ప్రాంతంలో ఓ చిన్న ఊళ్లో పెరిగి, పేరు మార్చుకుని మహానగరం చేరాడట. నేనూ పేరు మార్చుకుంటానని ఇంట్లో ప్రకటించాను. "నీకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు గారు ఇంకా బతికే ఉన్నారు, ముందు ఆయన్నడిగిరా" అన్నారు నాన్న. దాంతో పేరు వదిలేసి, బట్టల హ్యాంగరు వంచి మౌతార్గాన్ మెడకు తగిలించుకున్నాను. అది గడ్డం గీరేసింది. అమ్మ పసుపు రాసింది. విప్లవ గాయకుడు వారంపాటు పసుపు గడ్డంతో తిరిగాడు.

నన్ను పూర్తిగా పాడుచేసింది మాత్రం ఒక్క కథ. ఆయన ఒకసారి మామూలు గిటారు పక్కన పెట్టి కరెంటు గిటారు ఎత్తుకుంటే సొంత అభిమానులే గోల చేశారట. ఆయన మాత్రం సౌండు ఇంకా పెంచాడట. వెనక్కి తిరిగి చూడలేదట. అంటే గొప్పవాడు కావాలంటే ముందు జనం చేత అరిపించుకోవాలి, తర్వాత వెనక్కి చూడకూడదు అని నేను తేల్చుకున్నాను. మధ్యలో పాటలు బాగా రాయడం అనేది కూడా ఒకటుంటుందని తట్టలేదు.

నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి సీతాఫల్‌మండిలో స్థిరపడ్డ మనిషి. నన్నూ రైల్వే పరీక్ష రాయమని పోరేవారు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. "మే నెలలో యువజన ఆదివారం వస్తోందిగా, చర్చిలో నీ పాటే పాడు. ఒక్కరంటే ఒక్కరు మళ్లీ పాడమని అడిగితే ఇంక పరీక్ష మాటెత్తను. అడక్కపోతే మాత్రం నోరు మూసుకుని చదవాలి." ఉత్త మెచ్చుకోలు సరిపోదన్నారు. ఆయన జాగ్రత్త ఆయనది, ఎందుకంటే మా చర్చిలో ఎవరెంత ఘోరంగా పాడినా చివర అందరూ ఆమెన్ అనేస్తారు.

మా పేటకు యుద్ధమేదీ రాలేదు కాబట్టి నీళ్లు రాని నల్లా మీద పాట రాశాను. 'నల్లా నల్లా, నీకెందుకింత మౌనం' అని పల్లవి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే ఓ అన్నను బతిమాలి కరెంటు గిటారూ, దాని సౌండు డబ్బా తెచ్చాను. ప్రతి ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దావిణ్ణి అందరం ఆర్గన్ ఆంటీ అనేవాళ్లం. ఆవిడ పాత వైర్ల వైపు చూసి, "ఆ డబ్బను ఫ్యాన్ల లైన్‌కే పెడుతున్నవేంది బిడ్డా, జెర చూసుకో" అన్నారు. విప్లవకారులు వైరింగు పట్టించుకోరు.

మొదటి చరణం ఎవరికీ తక్లీఫ్ లేకుండానే గడిచింది. రెండో చరణంలో మా గురువుగారిలాగే సౌండు పూర్తిగా పెంచాను. పైన టప్‌మంది. ఫ్యూజు పోయి, డబ్బా మూగబోయి, చర్చిలో ఉన్న ఫ్యాన్లన్నీ నెమ్మదిగా ఆగిపోయాయి. మే నెల ఎండ. "ఏందయ్యా గిది", "పిల్లలు ఉడికిపోతున్నరు", "ఎవడు పెట్టమన్నడు ఆ డబ్బ" అంటూ వెనక వరసల నుంచి ముందుకు గోల పాకింది. నాకైతే ఒళ్లు పులకరించింది. వాళ్లు అరుస్తున్నది ఫ్యాన్ల కోసమని ఎవరికైనా అర్థమవుతుంది, నాకు తప్ప. గిటారు భుజానేసుకుని, తలెత్తుకుని, బెంచీల మధ్యనుంచి బయటికి నడిచాను. వెనక నుంచి ఎవరో ఏదో అంటున్నారు. వెనక్కి మాత్రం చూడలేదు.

సాయంత్రం నాన్న ఒక్కమాటే అన్నారు. "రేపట్నుంచి చదువు." చదివాను, పాసయ్యాను, రిజర్వేషన్ కౌంటరు వెనక కూర్చున్నాను. జనం నా మీద అరవని రోజు లేదు. ఆ లెక్కన మా గురువుగారికంటే నేనే గొప్పవాణ్ణి. ఆయన మాత్రం ముసలితనంలోనూ ఊరూరా తిరిగి పాడుతున్నాడని పేపర్లో చదివేవాణ్ణి.

నాన్న పోయిన కొన్నాళ్లకు, కాప్రాలో కూతురింట్లో ఉంటున్న ఆర్గన్ ఆంటీని చూడ్డానికి వెళ్లాను. మాటల్లో ఆవిడే ఎత్తారు. "ఆ దినం గట్ల పోయినవేంది బిడ్డా? నేను పిలిచిన గద. ఫ్యాన్లు ఎట్లైన లేవు, డబ్బ లేకుండ మళ్లా మొదటి నుంచి పాడు అన్న. మీ నాయిన సుత విన్నడు."

చాయ్ కప్పు టేబుల్ మీద పెట్టేశాను. "నాన్న ఏమన్నారు?"

"ఏమంటడు. నా దిక్కు చూసిండు, నీ దిక్కు చూసిండు, ఊకున్నడు."

నాన్న మీద చచ్చేంత కోపమొచ్చింది. ఎవరితో పోట్లాడను, ఆయనే లేరు. ఒక్కసారి, ఒక్క క్షణం వెనక్కి తిరిగి ఉంటే చాలు కదా అని కళ్లు చెమర్చాయి. ఆంటీకి జాలేసినట్టుంది. "సరే, ఇప్పుడు పాడు, వింట" అని సర్దుకుని కూర్చున్నారు. గొంతు సవరించుకుని, టేబుల్ మీద దరువేస్తూ ఎత్తుకున్నాను. పల్లవి దాటి చరణంలోకి వెళ్లానో లేదో చెయ్యెత్తారు.

"చాలు బిడ్డా. మీ నాయిన చెప్పకపోయిందే మంచిగైంది. చాయ్ తాగు, సల్లారుతది."

తాగి బయల్దేరాను. ఈసారి గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూశాను. ఆంటీ వరండాలో కప్పులు తీస్తూ 'నల్లా నల్లా' అని కూనిరాగం తీస్తున్నారు, శ్రుతి తప్పకుండా, నాకంటే బాగా.